అమ్మకం తగ్గినా డబ్బు ఎక్కువే కావాలి: మహమ్మారి కాలంలో చిన్న, మధ్యతరహా వ్యాపార నిర్వహణ

మహమ్మారి వస్తే అమ్మకాలు పడిపోతాయి, అందుకే చిన్న వ్యాపారాలు మూతపడతాయి అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. గిరాకీ పడిపోయిన నెలల్ని ఎలాగో నెట్టుకొచ్చిన సంస్థ, తీరా గిరాకీ తిరిగొచ్చాక చేతిలో డబ్బాడక చతికిలపడవచ్చు. కారణం తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి.

ఒక సంస్థ రోజుకు అమ్మే సరుకు తనకు పడిన ధర 10,000 అనుకుందాం. కొన్న సరుకు గోదాములో సగటున 45 రోజులు ఉంటుంది. అమ్మాక డబ్బు చేతికి రావడానికి 60 రోజులు. సరఫరాదారు ఇచ్చే అరువు 30 రోజులు. 45కి 60 కలిపి 30 తీసేస్తే 75 రోజులు. అంటే 7.5 లక్షలు ఎప్పుడూ వ్యాపారంలోనే ఇరుక్కుని ఉంటాయి.

ఇప్పుడు మహమ్మారి వచ్చింది. సరుకు కదలక గోదాములో 60 రోజులు ఉంటోంది. కొన్నవాళ్లు 90 రోజులకు గానీ ఇవ్వడం లేదు. సరఫరాదారుకూ కష్టంగానే ఉంది కాబట్టి అరువు 15 రోజులకు కుదించాడు. మొత్తం 135 రోజులు. అమ్మకాలు 40 శాతం పడిపోయి రోజుకు 6,000కు వచ్చాయనుకున్నా, ఇరుక్కున్న సొమ్ము 8.1 లక్షలు. వ్యాపారం దాదాపు సగానికి వచ్చింది, కావాల్సిన పెట్టుబడి మాత్రం పెరిగింది. తర్వాత అమ్మకాలు మళ్లీ 10,000కు చేరితే, ఆ 135 రోజులు అలాగే ఉంటే, కావాల్సింది 13.5 లక్షలు. అదనంగా 5.4 లక్షలు తేవాల్సింది సరిగ్గా పొదుపంతా కరిగిపోయిన సమయంలో.

చిన్న సంస్థల దగ్గర ఈ తేడాను మోసేంత నిల్వ ఉండదు. జేపీమోర్గాన్ చేజ్ బ్యాంకు పరిశోధన విభాగమైన జేపీమోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో అమెరికాలోని 5,97,000 చిన్న వ్యాపారాల ఖాతాలను పరిశీలిస్తే, రాబడి పూర్తిగా ఆగిపోతే మధ్యస్థ సంస్థ (అన్నిటినీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యన ఉండేది) నెట్టుకురాగలిగేది 27 రోజులని తేలింది. అది మహమ్మారికి ముందు, మామూలు రోజుల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా 2020 మార్చి 11న పేర్కొంది, అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించింది. మధ్యలో మూడేళ్లు. 2020 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అమెరికాలో 5,800కు పైగా చిన్న సంస్థలను సర్వే చేస్తే, 43 శాతం అప్పటికే తాత్కాలికంగా మూతపడి ఉన్నాయి. నెలకు పది వేల డాలర్లకు మించి ఖర్చున్న సంస్థల్లో మధ్యస్థ సంస్థ దగ్గర దాదాపు రెండు వారాల నగదే ఉంది.

అందుకే నా ఉద్దేశంలో మహమ్మారి కాలంలో యజమాని రోజూ చూడాల్సింది లాభనష్టాల పట్టిక కాదు, నగదు పట్టిక. లాభనష్టాల పట్టికలో బిల్లు రాసిన రోజే అమ్మకం చేరిపోతుంది. జీతాలు ఇవ్వడానికి ఆ అంకె పనికిరాదు.

పదమూడు వారాల పట్టిక

ఒక కాగితం మీదో, స్ప్రెడ్‌షీట్‌లోనో అడ్డంగా 13 వారాలు రాసుకోండి. నిలువుగా: వారం మొదట్లో ఉన్న నగదు, వచ్చే డబ్బు, పోయే డబ్బు, వారం చివర మిగిలేది. పదమూడే ఎందుకంటే అది ఒక త్రైమాసికం. మూడు నెలలకోసారి కట్టే పన్నులు, ప్రీమియంలు అన్నీ అందులో ఎక్కడో ఒకచోట తగులుతాయి. నెలవారీ పట్టిక చాలదు. జీతాలు ఒకటో తేదీన పోయి, ఖాతాదారుల (మన దగ్గర అరువుకు కొనేవాళ్ల) డబ్బు ఇరవయ్యో తేదీన వచ్చే సంస్థకు నెల మొత్తం మీద లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. మధ్యలో ఇరవై రోజులు ఖాతా ఖాళీ అన్న సంగతి వారాలుగా విడగొడితేనే బయటపడుతుంది.

తప్పులు ఎక్కువగా వచ్చే చోటు "వచ్చే డబ్బు" వరుస. అక్కడ బిల్లు మీద ఉన్న గడువు తేదీ రాయకూడదు. ఆ ఖాతాదారు పోయినసారి, అంతకుముందుసారి నిజంగా ఎన్నో రోజున ఇచ్చాడో చూసి, దానికి మరో రెండు మూడు వారాలు కలిపి రాయాలి. రెండో తప్పు, అమ్మకపు పన్నుగా వసూలు చేసిన సొమ్మును సొంత నగదుగా లెక్కేయడం. అది ప్రభుత్వానిది, మీ ఖాతాలో కొన్నాళ్లు ఆగిందంతే. వీలుంటే వేరే ఖాతాలో పెట్టండి. మూడోది, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని మరిచిపోవడం: బీమా, లైసెన్సు, సాఫ్ట్‌వేర్ రుసుములు, బోనస్.

ఇదే పట్టికను మూడు అంచనాలతో వేయాలి. అమ్మకాలు మామూలులో 70 శాతం, 40 శాతం, 10 శాతం ఉంటే ఏమవుతుందని. ఎవరి అంచనా నిజమవుతుందని వాదించుకోవడం దండగ. ఏ వారంలో నగదు ఏ గీత కిందికి దిగితే ఏ పని చేయాలో ముందే రాసి పెట్టుకోవడం ముఖ్యం. ఉదాహరణకు, చేతిలో ఆరు వారాల స్థిర ఖర్చుకు సరిపడా లేకపోతే పని గంటలు తగ్గించడం, నాలుగు వారాలకు దిగితే యంత్రాన్ని అమ్మకానికి పెట్టడం. భయం లేని రోజున తీసుకున్న నిర్ణయం, ఖాతా ఖాళీ అయిన రోజు తీసుకున్నదానికన్నా మేలుగా ఉంటుంది. ప్రతి సోమవారం పోయిన వారం అసలు అంకెల్ని అంచనా పక్కన రాసి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి, చివర ఇంకో వారం చేర్చాలి. ఈ అలవాటు తప్పితే మూడో వారానికే పట్టిక పనికిరాకుండా పోతుంది.

రావాల్సిన బాకీలు

బాకీల్ని వయసువారీగా విడగొట్టండి: 30 రోజుల లోపువి, 31 నుంచి 60, 61 నుంచి 90, ఆపైవి. పక్కనే ఇంకో అంకె: మొత్తంలో ఒక్క ఖాతాదారు వాటా ఎంత? అది మూడో వంతు దాటితే మీ వ్యాపారం బతుకు అతని బతుకుతో ముడిపడినట్టే. అతని దగ్గర వసూలు ఆలస్యమైతే మీ పదమూడు వారాల పట్టికలో అదే పెద్ద గుంట.

మహమ్మారిలో బిల్లులు ఆగిపోవడానికి ఎప్పుడూ డబ్బు లేకపోవడమే కారణం కాదు. బిల్లును ఆమోదించే మనిషి ఇంటి నుంచి పనిచేస్తున్నాడు, లేదా జబ్బుపడ్డాడు, లేదా ఉద్యోగం పోయింది. కాగితం బిల్లు తాళం వేసిన ఆఫీసులో పడి ఉంది. కొనుగోలు ఆర్డరు నంబరు లేదని సిస్టమ్ తిప్పికొట్టింది, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి గడువు దాటాక ఫోన్ చేసి బతిమాలడం కన్నా, బిల్లు పంపిన మూడో రోజున ఒకసారి, గడువుకు వారం ముందు ఒకసారి "మా బిల్లు మీ దగ్గర నమోదైందా, ఏమైనా కాగితం తక్కువైందా" అని అడగడం మంచిది. అవతలివాళ్లకు చిన్నతనం కాదు, మీకు వారాలు కలిసొస్తాయి.

త్వరగా ఇస్తే తగ్గింపు ఇస్తామనే ముందు లెక్క చూసుకోండి. 30 రోజుల గడువున్న బిల్లును 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు అంటే, 20 రోజుల ముందు డబ్బు తెచ్చుకోవడానికి ఏడాదికి సుమారు 37 శాతం వడ్డీ ఇస్తున్నట్టు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ దొరికేవాళ్లకు ఇది నష్టం. ఎక్కడా అప్పు పుట్టనివాళ్లకు, ఆ వారం జీతాలకు తప్పనిసరైతే, అప్పుడు చేయొచ్చు.

ఇంకో జాగ్రత్త. అందరూ దూరంగా ఉండి ఈమెయిళ్ల మీద పని నడిచే కాలంలో మోసాలకు దారి తెరుచుకుంటుంది. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఇక్కడ వేయండి" అని సరఫరాదారు పేరుతో మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర పాత పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే మార్చాలి. ఈ నియమానికి యజమాని తొందర కూడా మినహాయింపు కాకూడదు. యజమాని పేరుతో వచ్చే మెయిళ్లు కూడా దొంగవి కావచ్చు.

ఎవరికి ముందు కట్టాలి

డబ్బు చాలనప్పుడు అందరికీ కొంచెం కొంచెం ఇవ్వాలనిపిస్తుంది. అలా చేస్తే అందరూ అసంతృప్తిగానే మిగులుతారు, పని ఆగే ప్రమాదం మాత్రం తగ్గదు. ముందు జీతాలు. తర్వాత, ఎవరి సరుకు లేకపోతే రేపు పని ఆగిపోతుందో వాళ్లు. తర్వాత పన్నులు, ఉద్యోగుల నుంచి మినహాయించిన సొమ్ము. చాలా దేశాల్లో వీటికి యజమాని వ్యక్తిగతంగా బాధ్యుడవుతాడు, జరిమానాలు వేగంగా పెరుగుతాయి. ఆ తర్వాత ఆస్తి కుదువ పెట్టిన అప్పులు. అద్దె, మిగతా బాకీలు మాట్లాడి సర్దుకోగలిగినవి.

మాట్లాడటం గడువుకు ముందే జరగాలి. "ఈ నెల 40 శాతం, మిగతాది ఈ మూడు తేదీల్లో" అని తేదీలతో సహా రాసిచ్చి, వాటిని కచ్చితంగా పాటించిన సంస్థకు సరఫరాదారులు మళ్లీ అరువిస్తారు. పెద్ద హామీ ఇచ్చి తప్పడం కన్నా చిన్న హామీ నిలబెట్టుకోవడం నయం. వాయిదా వేసిన అద్దె మాఫీ అయినట్టు కాదన్నది కూడా గుర్తుండాలి. ఆరు నెలల అద్దె ఆపి తర్వాతి పన్నెండు నెలల్లో తీరుస్తానంటే, ఆ ఏడాదంతా నెలకు ఒకటిన్నర అద్దె కట్టాలి. ఆ అంకెను ముందే పట్టికలో వేసి చూడకుండా ఒప్పుకోకండి.

మారటోరియం, అంటే అప్పు వాయిదాలు కొన్నాళ్లు కట్టకుండా ఆగే వెసులుబాటు, కూడా అంతే. 10 లక్షల అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 60 నెలసరి వాయిదాలు అనుకోండి. నెలవారీ వాయిదా సుమారు 22,244. అప్పు తీసుకున్న మొదట్లోనే ఆరు నెలలు కట్టకుండా ఆగితే, వడ్డీ అసలులో కలిసి బాకీ 10,61,520 అవుతుంది. వాయిదా అదే ఉంచితే 60 బదులు 65 దాటి కట్టాలి. దాదాపు ఐదు వాయిదాలు అదనం. నగదు నిజంగా లేనివాళ్లకు ఇది ప్రాణం నిలిపే అవకాశమే. "అందరూ తీసుకుంటున్నారు కదా" అని తీసుకునేవాళ్లకు మాత్రం ఖరీదైన అప్పు.

బీమా గురించి రెండు మాటలు. వ్యాపారం ఆగిపోతే పరిహారమిచ్చే పాలసీల్లో చాలావరకు "ఆస్తికి భౌతిక నష్టం" జరిగితేనే ఇస్తామని రాసి ఉంటుంది. మంట, వరద అయితే సరే, వైరస్ గోడల్ని కూల్చదు. సార్స్ అంటువ్యాధి తర్వాత 2006లో అమెరికాలో వైరస్‌ను స్పష్టంగా మినహాయించే ప్రామాణిక నిబంధన కూడా వచ్చింది. బ్రిటన్‌లో మాత్రం 2021 జనవరి 15న సుప్రీంకోర్టు, అంటువ్యాధుల నిబంధనలున్న పాలసీల విషయంలో ఎక్కువగా పాలసీదారుల పక్షానే తీర్పిచ్చింది. ఒక్క వాక్యం తేడాతో ఒకరికి పరిహారం వచ్చింది, ఇంకొకరికి రాలేదు. పాలసీ పునరుద్ధరించే రోజున "అంటువ్యాధి", "ప్రవేశ నిషేధం" అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి చదవాలి.

సరుకు నిల్వ: సగటు కాదు, ఒడిదుడుకులు

సరఫరా ఆలస్యమవుతుందని అందరికీ తెలుసు. ఎంత ఆలస్యమో చెప్పలేకపోవడం దానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. రోజుకు 20 వస్తువులు వాడే సంస్థ చూద్దాం, రోజువారీ వాడకంలో ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే అంకె) 5. సరుకు రావడానికి సగటున 10 రోజులు, అందులో విచలనం 2 రోజులు. నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే కావాల్సిన భద్రతా నిల్వ దాదాపు 71. లెక్క ఇదీ: వాడకం విచలనం వర్గాన్ని రోజులతో గుణిస్తే 250, రోజువారీ వాడకం వర్గాన్ని ఆలస్యం విచలనం వర్గంతో గుణిస్తే 1,600. రెండూ కలిపి వర్గమూలం తీస్తే 43, దాన్ని నూటికి 95కు వాడే గుణకం 1.65తో గుణిస్తే 71. పది రోజుల వాడకం 200. అంటే నిల్వ 271కి దిగగానే కొత్త ఆర్డరు వేయాలి.

మహమ్మారిలో సగటు 25 రోజులై, విచలనం 10 రోజులైతే అదే లెక్క భద్రతా నిల్వను 333 దగ్గరకు, ఆర్డరు వేయాల్సిన గీతను 833 దగ్గరకు తీసుకెళ్తుంది. రోజులు రెండున్నర రెట్లు పెరిగితే భద్రతా నిల్వ దాదాపు ఐదు రెట్లు పెరిగింది. ఇంత నిల్వ అన్ని వస్తువులకూ పెట్టబోతే మొదట చెప్పిన నగదు లెక్క కుప్పకూలుతుంది. అందుకే ఎంచుకోవాలి. ఏ భాగం లేకపోతే మొత్తం ఉత్పత్తి ఆగుతుందో, దానికి ప్రత్యామ్నాయం లేదో, వాటికే పూర్తి భద్రతా నిల్వ. తరచూ అవి ఖరీదైనవి కూడా కావు: ఒక సీలు, ఒక సెన్సారు, ఒక రకం మూత. మిగతావాటికి కాస్త కొరతను భరించడమే మంచిది.

రెండో సరఫరాదారు ఉండాలని అందరూ చెబుతారు. కానీ ఇద్దరూ ఒకే ఊరి కర్మాగారం నుంచి, ఒకే రేవు ద్వారా తెప్పిస్తుంటే వాళ్లు ఇద్దరు కాదు. సరఫరాదారును "మీకు ఎవరిస్తారు" అని ఒక మెట్టు వెనక్కి అడగాలి. ఆర్డర్లు కంగారుగా రద్దు చేయడం వల్ల వరుసలో చోటు పోతుందన్నది 2020లో కార్ల తయారీదారులకు తెలిసొచ్చింది. చిప్‌ల ఆర్డర్లు తగ్గించారు, ఆ సామర్థ్యాన్ని కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీదారులు తీసుకున్నారు, గిరాకీ తిరిగొచ్చేసరికి కార్లకు చిప్‌లు లేవు. అంత పెద్ద కొనుగోలుదారులకే చోటు దొరకనప్పుడు చిన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆర్డరును పూర్తిగా రద్దు చేసే బదులు చిన్నది చేసి, తేదీ వెనక్కి జరపండి.

తెరవాలా, మూయాలా

మామూలు రోజుల్లో అమ్మకం 100, సరుకు వగైరా అమ్మకంతో మారే ఖర్చు 60, స్థిర ఖర్చు 30, లాభం 10 అనుకుందాం. లాభనష్టాలు లేని అమ్మకం 75. అంతకన్నా తగ్గితే మూసేయాలని కొందరంటారు. అది తప్పు లెక్క. ఆ 30లో మూసేస్తే ఆగేది ఎంతో విడిగా చూడాలి. కరెంటు, రోజువారీ సిబ్బంది, రవాణా వంటివి 18 అనుకుంటే, మూసినా తప్పనివి 12. అమ్మకం 40 ఉన్నప్పుడు తెరిస్తే నష్టం 14, మూస్తే 12. అమ్మకం 50 ఉంటే తెరిచినప్పుడు నష్టం 10. మలుపు 45 దగ్గర. మీ సంస్థకు ఈ అంకె ఎంతో తెలిసి ఉంటే, ఆంక్షలు మారిన ప్రతిసారీ చర్చలు పెట్టుకోనక్కర్లేదు.

గిరాకీ లేదని ధర తగ్గించే ముందూ ఇదే లెక్క. పై సంస్థ 20 శాతం తగ్గిస్తే వస్తువుకు మిగిలేది 40 నుంచి 20కి పడుతుంది. పాత స్థితికి రావడానికే రెట్టింపు అమ్మాలి. జనం బయటికే రాని రోజుల్లో రెట్టింపు అమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? తగ్గింపు కన్నా చిన్న ప్యాకింగు, ఇంటికి చేర్చడం, ముందస్తు చెల్లింపుకు ఏదో ఒక సౌకర్యం మేలు.

గిరాకీ తిరిగొచ్చే నెలల్లో ఎంత ఆర్డరు ఒప్పుకోవచ్చో కూడా లెక్కతోనే తేలుతుంది. చేతిలో తిప్పగలిగే సొమ్ము 9 లక్షలు, చక్రం (మొదట లెక్కేసినట్టు, పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి పట్టే రోజులు) 135 రోజులు అయితే, రోజుకు 6,666కు మించిన వ్యాపారం మోయలేరు. అంతకుమించి కావాలంటే బయాన తీసుకోవాలి, లేదా చక్రం తగ్గించాలి. రోజుకు 10,000 వ్యాపారంలో వసూళ్లు పది రోజులు ముందుకు వస్తే లక్ష చేతికొస్తుంది. పాత ఖాతాదారు పెద్ద ఆర్డరుతో వస్తే కాదనడం కష్టమే. కానీ విడతలుగా సరఫరా చేసి, మొదటి విడత డబ్బు వచ్చాక రెండోది పంపుతామని చెప్పడం అవమానమేమీ కాదు.

మనుషులు

పదిమంది పని గంటలు 20 శాతం తగ్గిస్తే ఆదా అయ్యేది ఇద్దరి జీతాలంత. ఇద్దరిని తీసేసినా అంతే ఆదా. అయితే తీసేసిన ఇద్దరి చేతిలోని నైపుణ్యం వాళ్లతోనే పోతుంది, మళ్లీ కావాల్సినప్పుడు వెతకాలి, నేర్పాలి, మొదటి నెలల తప్పుల్ని భరించాలి. పని మళ్లీ వస్తుందన్న నమ్మకం ఉన్నంతవరకు గంటలు తగ్గించడమే నాకు సరైనదనిపిస్తుంది. ఏ నిర్ణయమైనా సిబ్బందికి అంకెలతో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ముందుగా వెళ్లిపోయేది వేరే చోట పని దొరికే మంచి పనివాళ్లే.

జట్లుగా విడగొట్టేటప్పుడు జట్లు అసలు కలవకూడదు. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు కలిసి నిలబడి పని అప్పగిస్తే, విడగొట్టిన ప్రయోజనమంతా పోతుంది. అప్పగింత ఫోన్‌లోనో, రాతలోనో జరగాలి. 2020లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఊరి అలోన్ బృందం నాలుగు రోజులు పని, పది రోజులు ఇల్లు అన్న పద్ధతి సూచించింది. కోవిడ్ సోకిన మనిషి ఇతరులకు అంటించడానికి సగటున మూడు రోజుల వరకు పడుతుంది కాబట్టి, పనిలో సోకినా అంటించే దశకు వచ్చేసరికి ఇంట్లో ఉంటాడన్నది దాని ఆధారం. వైరస్ మారితే ఆ అంకెలూ మారతాయి.

శుభ్రత ఖర్చు సరైన చోట పెట్టాలి. బల్లలు, తలుపులు తుడవడానికి చాలా సంస్థలు విపరీతంగా ఖర్చుపెట్టాయి. ఉపరితలాన్ని తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. గదిలో గాలి గంటకు కనీసం 5 సార్లు మారేలా చూడమని 2023 మేలో సూచించింది. గాలితో వ్యాపించే జబ్బు అయితే ముందు కిటికీలు, ఫ్యాన్లు, ఫిల్టర్లు.

చివరగా, చిన్న సంస్థలు అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసే విషయం: యజమాని లేదా అకౌంటెంట్ మూడు వారాలు మంచాన పడితే? ఒక పట్టిక గీయండి. నిలువుగా ఆగితే వ్యాపారం ఆగే పనులు: జీతాలు వేయడం, బిల్లులు రాయడం, బ్యాంకు చెల్లింపులు ఆమోదించడం, ముఖ్యమైన యంత్రం నడపడం, పన్ను దాఖలు. అడ్డంగా మనుషుల పేర్లు. ఒంటరిగా చేయగలిగినవాళ్లకు గుర్తు పెట్టండి. ఒక్క గుర్తే ఉన్న పని ఏదైనా ఈ నెలలోనే రెండోవాళ్లకు నేర్పాలి. ఆ రెండోవాళ్లు వేరే జట్టులో ఉండాలి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి పడిపోతారు.

బ్యాంకులో రెండో సంతకానికి అధికారం ముందే రాసివ్వాలి. జబ్బుపడ్డాక ఆ కాగితాలు కదలవు. ఓటీపీలు యజమాని ఫోన్‌కే వస్తుంటే, ఆసుపత్రిలో ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించండి. పాస్‌వర్డ్‌లు, ముఖ్యమైన పది మంది సరఫరాదారుల నంబర్లు, వచ్చే నాలుగు వారాల్లో కట్టాల్సినవి, ఎంత మొత్తం దాకా ఎవరు నిర్ణయం తీసుకోవచ్చన్న పరిమితి ఇవన్నీ మూసిన కవరులో నమ్మకస్తుల దగ్గర ఉండాలి. ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి యజమాని ఒక వారం రాకుండా, ఫోన్ ఎత్తకుండా ఉండి చూడాలి. ఆ వారంలో ఎక్కడ పని ఆగిందో రాసుకుని, ఆ పనుల్ని పట్టికలోకి చేర్చి, మూడు నెలల తర్వాత మరోసారి ప్రయత్నించండి.